మందు అలవాటు కలదా

మా క్లినిక్‌లో ఆ ఆదివారం మాట ఎత్తితే అందరూ నవ్వుతారు. కొత్తగా చేరిన నర్సమ్మకు కూడా చెప్పారు. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. నిజమే, చెప్పే పద్ధతిలో చెబితే నవ్వొచ్చే సంగతే. కానీ చెప్పిన ప్రతిసారీ అందులోంచి ఒక పెద్దమ్మ కొంచెం కొంచెంగా తగ్గిపోతూ వచ్చింది. మొదట్లో ఆమె నోట్లో ఆగని నెత్తురు గురించి కూడా చెప్పేవారు. తర్వాత ‘ఒకామెకు కుట్లు వేశాం’ అన్నంత వరకే మిగిలింది. మొన్న విన్నప్పుడు ఆమె అసలు లేనే లేదు. నేను రాసిన ప్రశ్న, దానికి జనం చెప్పిన చిలిపి జవాబులు, అంతే. డాక్టరమ్మ మళ్లీ ఉచిత శిబిరం పెడదామంటున్నారు. దానికి ముందే జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టాలనుకున్నాను. ఆ రోజు తప్పు రాసింది నేనే కనుక ఇది రాయవలసిందీ నేనే.

నేను రాయచూరులో ఒక పళ్ల డాక్టరమ్మ దగ్గర పనిచేస్తాను. తలుపు పక్కన బల్ల వేసుకుని పేర్లు రాసుకోవడం, ఫోన్లు ఎత్తడం, వరుస తప్పకుండా లోపలికి పంపడం నా పని. ఎనిమిదో తరగతితో నా బడి ఆగిపోయింది. అదీ కన్నడ బడి. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా తెలుగు అక్షరం నాకు ఎవరూ నేర్పలేదు. పిల్లలిద్దరూ బడికి పోవడం మొదలుపెట్టాక నేను లైబ్రరీకి పోవడం మొదలుపెట్టాను. వెనక గదిలో తెలుగు పుస్తకాల బీరువా ఒకటుంది. దాని ముందు కూర్చుని నేర్చుకున్నాను. కన్నడం వచ్చినవాళ్లకు తెలుగు లిపి సగం వచ్చినట్టే, తలకట్ల దగ్గరే తడబడేదాన్ని. కొన్నేళ్లలో ఆ బీరువాలో రెండు అరలు పూర్తిచేశాను. పురాణాలు, నవలలు, ఆరోగ్య గ్రంథాలు అన్నీ చదివాను, పశువైద్యం మీద ఒకటుంటే దాన్నీ వదల్లేదు. ఈ చదువంటే నాకు గర్వం. మా బంధువుల్లో ఎవరింట్లో పెళ్లిపత్రిక అచ్చు వేయించాలన్నా మాటలు సరిచూడమని నా దగ్గరికే తెస్తారు.

డాక్టరమ్మది ధారవాడ వైపు. తెలుగు వింటే అర్థమవుతుంది, చదవడం రాదు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో సగం మంది తెలుగువాళ్లు. తెలంగాణ సరిహద్దు పల్లెల నుంచి వచ్చే కూలీలు, చిన్న రైతులు ఎక్కువ. పన్ను నొప్పి పుడితే లవంగం పెట్టుకుని, అదీ పనిచేయకపోతే పొగాకు పెట్టుకుని, దవడ వాచాక వస్తారు. ఒక ఆదివారం పొద్దుటి నుంచి సాయంత్రం వరకు ఎవరొచ్చినా ఉచితంగా చూద్దామని డాక్టరమ్మ అన్నప్పుడు నేను చాలా సంతోషించాను. ఆ సంతోషం రెండు రోజులు కూడా నిలవలేదు.

మొదట ఎవరూ రాకపోతే ఎలా అని భయం. ఆటోకు మైకు కట్టి తిప్పాక అందరూ వస్తే ఎలా అని భయం. కరెంటు పోతే? మేడ మీద ట్యాంకులో నీళ్లు అయిపోతే? పనిముట్లు మరిగించే యంత్రాన్ని చూసుకునే భాయ్ దాన్ని కుక్కర్ అంటాడు. అది ఒక విడతకు ఎన్ని పనిముట్లు శుభ్రం చేస్తుందో అతణ్ని నేను పదిసార్లు అడిగాను. "అక్కా, నువ్వు అడిగినకొద్దీ అది పెద్దగైతదా?" అన్నాడు పదకొండోసారి.

ఆ భయాలన్నిటి మధ్యా నాకు ధైర్యంగా ఉన్నది ఒక్క కాగితం విషయంలోనే. లోపలికి పంపేముందు ప్రతి ఒక్కరినీ అడగవలసిన ప్రశ్నలు డాక్టరమ్మ కన్నడంలో రాసిచ్చారు. ఉర్దూవాళ్లను భాయ్ నోటితోనే అడుగుతానన్నాడు. తెలుగు కాగితం తయారుచేయడం నా వంతు. మూడు సాయంత్రాలు కూర్చుని రాశాను. షుగర్ అన్నచోట ‘మధుమేహము కలదా’ అని రాశాను. రోజూ వేసుకునే మాత్రలేమైనా ఉన్నాయా అన్నది నాలుగో ప్రశ్న. దాన్ని రెండు రకాలుగా రాసి కొట్టేసి, మూడోసారి ఇలా రాశాను: ‘క్రమము తప్పక మందు తీసుకొను అలవాటు కలదా?’ చదువుకుంటే మంచి నడకగా అనిపించింది.

భాయ్‌కి చదివి వినిపించాను. అతను దస్తీతో పనిముట్లు తుడుస్తూ విన్నాడు.

"గోళీలు తింటున్నరా అని రాయరాదక్కా. అందరికి సమజైతది."

"గోళీలంటే పోరలు ఆడుకునేటివి భాయ్. పుస్తకంల ఆ మాట అట్ల రాయరు."

"సరే అక్కా. నువ్వు సదివినదానివి."

అప్పుడు దాన్ని మెచ్చుకోలుగా తీసుకున్నాను.

మందు అన్న మాటకు మా వైపు ఏమర్థమో నాకు తెలియదని కాదు. మా ఇంట్లో జ్వరానికి దవా తెస్తాం, గోళీ మింగుతాం. మందు కొట్టడం అంటే పత్తి చేలో పురుగుకు. మందు తాగడం అంటే మా వీధి చివరి దుకాణం దగ్గర సాయంత్రాలు జరిగేది. ఇవన్నీ నాకు తెలుసు. కానీ కాగితం మీద పెన్ను పెట్టగానే నాకు మా వీధి గుర్తుండదు, లైబ్రరీ బీరువా గుర్తుంటుంది. ఆ బీరువాలోని పుస్తకాల్లో వైద్యులు మందులే ఇస్తారు.

ఆదివారం నేను తాళం తీసేసరికే మెట్ల మీద జనం ఉన్నారు. మొదటి బస్సులకు వచ్చినవాళ్లు, కరెంటు ప్లాంటు పనికి పోతూ తల్లులను దింపిపోయినవాళ్లు, చెంపకు తువ్వాలు కట్టుకున్నవాళ్లు. సింధనూరు కాలువ కింద నుంచి వచ్చిన ఒక కుటుంబం అందరికంటే ముందు నిలబడి, "ఏవండీ, మేం చీకట్లో బయలుదేరామండీ, మా చీటీ ముందు రాయండి" అంటోంది. వెనక నుంచి ఎవరో "మేం నిద్రనే పోలేదు, మాది రాయి" అన్నారు. డాక్టరమ్మకు తోడుగా ఆమెతో చదువుకున్న ఇద్దరు డాక్టర్లు వచ్చారు. మూడు కుర్చీలూ ఒకేసారి నిండిపోయాయి. నేను తల ఎత్తకుండా అడుగుతూ రాస్తూ పోయాను.

మధుమేహము అన్నప్పుడు అందరూ "అదేంది?" అన్నారు. షుగర్ అని చెప్పాను, ఉందనో లేదనో చెప్పారు. అర్థం కాని మాటతో ఏ నష్టమూ జరగలేదు, అడిగి తెలుసుకున్నారు. నాలుగో ప్రశ్న అందరికీ అర్థమైంది. ఎవరూ తిరిగి అడగలేదు.

"మందు అలవాటా? ఆయితారం మట్టుకే అక్కా" అన్నాడొకడు. ఇంకొకడు పక్కనున్న పెళ్లాం వైపు చూసి, "ఇప్పుడడిగితే ఏం చెప్తరు, పక్కకొచ్చి అడుగు" అన్నాడు. ఆడమనిషి కూర్చుని అడుగుతోందని ఆట పట్టిస్తున్నారనుకున్నాను. మొహం గంటు పెట్టుకుని ‘లేదు’ అని రాసుకున్నాను. ఆడవాళ్లు "ఛీ, లేదు" అన్నారు. ఎందుకు ఛీ అంటున్నారో ఆలోచించే తీరిక నాకు లేదు. ఉందంటే వినే తీరిక చేసుకోలేదు అనాలి.

తొమ్మిది ప్రాంతంలో అరవై దాటిన పెద్దమ్మ ఒకామె నా ముందు కూర్చుంది. సన్నటి మనిషి, శుభ్రమైన నీలం చీర. ఊరు యరమరస్. కోడలితో వచ్చింది కానీ, కోడలు చంటిపిల్ల ఏడుస్తోందని బయట తిప్పుతోంది. కింది పన్ను ఒకటి ఊగుతోందని, అన్నం తినలేకపోతున్నానని చెప్పింది. షుగర్ లేదు, బీపీ లేదు. నాలుగో ప్రశ్న చదివాను. ఆమె నా మొహం వైపు చూసి, కొంగు భుజం మీదికి లాక్కుని, "లేదు" అంది. ఒక్క మాటే. రాసుకున్నాను. అరగంటలో పన్ను తీసేశారు. దూది కొరికిపట్టుకుని, నా బల్ల ముందు నుంచే, నన్ను చూడకుండా వెళ్లిపోయింది.

పదకొండు దాటాక ఒక రైతు వచ్చాడు. నాలుగో ప్రశ్నకు బాగా ఆలోచించి, "మందా? పత్తికి కొడ్తం. ఈ యేడు మూడుమాట్ల కొట్టినం" అన్నాడు.

వెనక వరుస గొల్లుమంది.

"నీ పత్తి సంగతి కాదు మామా, అక్క అడిగేది సీసల మందు."

"సీసలదైతే పొద్దుగాల పొద్దుగాల ఎందుకడుగుతది?"

"పీకినంక నొప్పి తెల్వకుంట ఇస్తరేమో, అడుగు."

వాళ్లు నవ్వుతున్నారు. నా చేతిలో పెన్ను ఆగిపోయింది. పొద్దుటి నుంచి విన్న జవాబులన్నీ ఒక్కసారిగా వేరే అర్థంతో వినిపించాయి. ఆ రైతును అడిగాను: "మామా, డాక్టరు ఇచ్చిన గోళీలు ఏమన్న వేసుకుంటవా దినాం?"

"వేసుకోక? దమ్మున్నది గద, ఆయాసమొస్తది, పూటకొకటి."

అతని చీటీ మీద అప్పటికే ‘లేదు’ అని రాసి ఉంది. నేను లేచి నిలబడి, గది మొత్తానికి వినబడేలా "గోళీలు మింగేటోళ్లు చేతులెత్తుండ్రి" అన్నాను. లేచిన చేతులు చూసి లెక్కపెట్టలేకపోయాను. తిన్నగా లోపలికి పోయి డాక్టరమ్మకు చెప్పాను. ఆమె చేతిలో సూది ఉంది. దాన్ని పక్కన పెట్టి, మిగతా ఇద్దరినీ ఆగమన్నారు.

"పీకినవి ఎన్ని? తెలుగు చీటీలు?"

తొమ్మిది. అందులో నలుగురు నీడలో కూర్చుని ఇంకా వెళ్లలేదు. ఇంకో నలుగురు ఫోన్ ఎత్తారు. ఎనిమిదిమందినీ కొత్త మాటతో అడిగాను, ప్రమాదమేమీ లేదని తేలింది. తొమ్మిదో చీటీ యరమరస్ పెద్దమ్మది. అందులో ఉన్నది కొడుకు నంబరు. స్విచాఫ్ అని వస్తోంది. ప్లాంటులో పనిచేసేవాళ్లలో చాలామంది ఫోన్లు గేటు దగ్గర పెట్టి పోతారని భాయ్ అన్నాడు.

డాక్టరమ్మ ఆ చీటీ చేతిలోకి తీసుకున్నారు. "అక్కా, ఆ అజ్జి చెయ్యి చూసిరా? ఇల్లి అంతా నల్లగ కమిలి ఉండె. ఏమి అయ్యింది అని అడిగిన. బోరింగ్ కొడితే తగిలింది అన్నరు. నేను సుమ్మనె ఒదిలేసిన." తన మోచేతి కింద వేలితో చూపించారు. అంత చిన్న దెబ్బకు అలా కమిలిందంటే నెత్తురు పలచబడే మాత్ర వేసుకుంటూ ఉండొచ్చు, ఆ మాత్ర వేసుకునేవాళ్లకు పరీక్ష చేయకుండా పన్ను తీయకూడదు. ఆమె చెప్పకముందే ఆ సంగతి నాకు తెలుసు. పుస్తకంలో చదివాను.

గాజుగుడ్డ పొట్లం ఒకటి సంచిలో వేసుకుని ఆటో ఎక్కాను. యరమరస్ దూరమేమీ కాదు. కానీ ఆ దారిలో నేను లైబ్రరీలో చదివినవన్నీ గుర్తుకొచ్చాయి. గడ్డకట్టని నెత్తురు, మనిషి తెల్లబడిపోవడం, నాడి అందకపోవడం. ఏ పేజీలో ఏ బొమ్మ ఉందో కూడా గుర్తుకొచ్చింది. ఏమీ చదవనివాళ్లకు ఈ దారి ఇంత పొడుగ్గా ఉండదేమో అనిపించింది.

ఊళ్లో నల్లా దగ్గర ఒకామెను పేరు చెప్పి అడిగాను.

"ఏ ఆమె? ఎనుములామెనా, కిరాణమామెనా, ప్లాంటుల చేసే పిలగాని తల్లా?"

"ప్లాంటు. పొద్దున పండు పీకించుకున్నది." మా మాటలో పన్నును పండు అంటాం.

"ఆమెనా? నెత్తురు ఉమ్ముకుంట కూసున్నది పాపం. గా సందుల మూడో ఇల్లు."

ఆ సందులోకి పరిగెత్తాను. పెద్దమ్మ గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ముందు సిల్వర్ గిన్నె. అందులోకి చూసి వెంటనే కళ్లు తిప్పుకున్నాను. నీలం చీర మీద ఛాతీ దాకా మరకలు. కోడలు చెంబుతో ఉప్పునీళ్లు పట్టుకుని నిలబడి ఉంది.

"ఆగుతనే లేదక్కా. ఉప్పునీళ్లు పుక్కిలిస్తె ఆగుతదన్నరు. పుక్కిలించినకొద్దీ వస్తున్నది."

చెంబు ఆమె చేతిలోంచి తీసేసుకున్నాను. గాజుగుడ్డ మడిచి పెద్దమ్మ నోట్లో పెట్టేముందు అడిగాను: "పెద్దమ్మా, గోళీలు ఏమన్న వేసుకుంటవా?"

"వేసుకుంట గద. గుండె ఆపరేషన్ అయింది హైదరాబాద్‌ల. సందెకాడ ఒకటి. ఒక్కదినం గూడ తప్పద్దన్నరు."

"పొద్దున అడిగితే లేదంటివి?"

పెద్దమ్మ గిన్నెలో ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుంది. అప్పుడు నా వైపు చూసింది.

"నువ్వు గోళీలని ఎప్పుడడిగినవు? మందు అలవాటున్నదా అంటివి, అంతమంది ముంగట. మా ఇంటాయన తాగీ తాగీ సచ్చిపోయె. నేను ఒక్కనాడు ముట్టలే. ముసల్దాన్ని పట్టుకొని గట్ల అడుగుతరా బిడ్డా?"

గాజుగుడ్డ పెట్టి, గట్టిగా కొరుకు పెద్దమ్మా అన్నాను. కోడలు లోపలికి పోయి మాత్రల అట్ట తెచ్చింది. దాని మీది పేరు ఫోన్లో ఒక్కొక్క అక్షరంగా చదివాను. డాక్టరమ్మ రెండోసారి చదివించుకోలేదు. "తక్షణ తీసుకొని రండి" అన్నారు.

తెచ్చిన ఆటోవాడు పోకుండా అక్కడే ఉన్నాడు. తిరిగొచ్చేటప్పుడు పెద్దమ్మ తల నా భుజానికి ఆనింది. ప్రతి గతుకు దగ్గరా ఆమె మొహం చూశాను. ఒకచోట కళ్లు మూసుకుంది. "పెద్దమ్మా, కళ్లు తెరువు" అన్నాను. తెరిచి, నోరు కదపకుండానే, ఎండ అని చేత్తో సైగ చేసింది.

క్లినిక్‌లో కుర్చీ ఖాళీగా పెట్టి ఉంచారు. డాక్టరమ్మ పన్ను తీసినచోట ఒక స్పాంజి లాంటిది పెట్టి కుట్లు వేశారు. భాయ్ నెత్తురు సీసా పట్టుకుని పరీక్షకు పరిగెత్తాడు. నెత్తురు ఉండవలసిన దానికంటే పలచగా ఉందని వచ్చింది. డాక్టరమ్మ ఊళ్లోని ఒక గుండె డాక్టరుతో ఫోన్లో చాలాసేపు మాట్లాడారు. ఇంకేం, చూస్తూ కూర్చోవడమే. ఇరవై నిమిషాలకోసారి గుడ్డ మార్చడం, ఎంత ఎర్రగా ఉందో చూడడం. బయట వరుస అలాగే ఉంది. నేను ప్రతి చీటీ మళ్లీ రాశాను, ఈసారి గోళీలని అడుగుతూ. రాస్తున్నానన్నమాటే కానీ, చెవులు లోపలి గదిలోనే ఉన్నాయి.

మధ్యాహ్నం షిఫ్టు దిగి, ఫోన్ చూసుకుని, కొడుకు వచ్చాడు. ఒంటి మీద ప్లాంటు బట్టలే ఉన్నాయి. తల్లిని చూసి బయటికొచ్చి, "ఫుకట్ అని పిలిచి మనుషులను సంపుతరా? ఆమెను ఏం అడిగిండ్రు, ఎవరు రాసిండ్రు గా కాగితం?" అన్నాడు. డాక్టరమ్మ ఏదో అనబోయారు.

"నేను రాసిన తమ్మీ" అన్నాను.

కాగితం చేతికిచ్చాను. నాలుగో ప్రశ్న దగ్గర అతని వేలు ఆగింది. తిడతాడనుకున్నాను. అతను కాగితాన్ని బల్ల మీద పెట్టి, "గిట్ల అడిగితే మా అమ్మ సచ్చినా చెప్పది" అని, లోపలికి పోయి తల్లి పక్కన నిలబడ్డాడు. తిట్టినా బాగుండేది.

నాలుగు కొట్టాక మార్చిన గుడ్డ గులాబీ రంగులో వచ్చింది. ఆ తర్వాతది దాదాపు తెల్లగా. డాక్టరమ్మ ఇంకో గంట కదలనీయలేదు. చివరికి కుర్చీలోంచి దింపి, నా బల్ల దగ్గర నిలబడి, "ఆ చెయ్యి నేను చూసి గూడ ఒదిలినక్కా. తప్పు నందూ ఇదె, నాది గూడ" అన్నారు. ఆమె అన్నారని నా వంతు తగ్గదు. కానీ ఆ మాట ఆమె అనవలసిన అవసరం లేదు, అన్నారు.

పోయేముందు పెద్దమ్మ నా ముందు కుర్చీలో కూర్చుంది. పెదవులు సరిగా కదపకుండా మాట్లాడింది.

"నాకొక చీటీ రాసియ్యి. ఏ దవాఖానకు పోయినా సూపిస్త. మీరు అడుగుడు, మేం చెప్పుడు, ఒకటి పడ్తలేదు."

"ఏమని రాయాల్నే?"

"నేను చెప్పినట్లు రాయి. నీ మాటలు కలపకు."

ఆమె చెప్పింది, నేను రాశాను. ‘నాకు గుండె ఆపరేషన్ అయింది. నెత్తురు పల్చగయ్యే గోళి దినాం సందెకాడ తింట. పండు పీకేముందు, సూది ఇచ్చేముందు నన్ను అడుగుండ్రి.’ కింద కన్నడంలో రాశాను. భాయ్ ఉర్దూలో రాశాడు. కొడుకు దాన్ని చదివి, మడిచి, తల్లికిచ్చాడు. కుట్లు విప్పించుకోవడానికి వచ్చినప్పుడు ఆ చీటీ ప్లాస్టిక్ సంచిలో పెట్టి కుట్టించుకొచ్చింది.

ఇలాంటివి రాసినప్పుడు సాయం చేసినవాళ్లను పేరుపేరునా తలుచుకుంటారు. పేర్లు రాయకూడదని నేను అనుకున్నాను కనుక మనుషులను రాస్తాను. అడగకుండా ఎండలో ఆటో ఆపుకుని ఉన్న అన్నకు. నల్లా దగ్గర బిందె నిండకముందే వదిలి సందు చూపించిన అక్కకు. ఆదివారం తలుపు తీసి పరీక్ష చేసిన ల్యాబు అతనికి. మూడు గంటలు ఆగి కూడా వరుస విడవని జనానికి, ముఖ్యంగా పిల్లకు వాంతి అయినా గొడవ చేయని సింధనూరు వాళ్లకు. నెత్తురు పరీక్షకు నాకంటే ముందు పరిగెత్తి, ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ‘నేను చెప్పలేదా’ అని అనని భాయ్‌కి. తప్పులో భాగం తీసుకున్న డాక్టరమ్మకు. పత్తికి మూడుమాట్ల మందు కొట్టిన మామకు. అతను అంత నిదానంగా ఆలోచించి జవాబు చెప్పకపోతే నేను సాయంత్రం దాకా ‘లేదు’ అని రాస్తూనే ఉండేదాన్ని. చివరగా పెద్దమ్మకు. ఆమెను క్షమించమని అడిగాను. "క్షమించుడేంది, రెండో పండు గూడ ఊగుతున్నది, అది ఎప్పుడు పీకుతరో అడిగి చెప్పు" అంది. గుండె డాక్టరు ఒప్పుకున్నాక తీస్తారు. తేదీ ఇంకా రాలేదు.